నలభై ఒకటో రాయి

రెండు నిమిషాల్లో చెప్పమంటిరి.
రెండు నిమిషాల్లో చైను చిక్కు కూడా తియ్యలేం, మేడమ్.

నేను గుర్రప్ప. ముప్పై మూడేండ్లు
సర్వే వాళ్ళ ఎనక చైను లాగినోణ్ణి.
నూరు లింకులు, అరవై ఆరు అడుగులు.
రిటైరై పదేండ్లయినా, గొంతుకూర్చుంటే
మోకాళ్ళలో అది ఇంకా గలగలమంటాది.

ఈ రంగు కాగితం నిన్న మా గుమ్మంలో ఏసిపోయినారు.
చూసినా. కండ్లజోడు పెట్టుకొని మళ్ళా చూసినా.
నక్కలొంక యాడా లేదు.
నీలంగా వంకరగా ఒకటి గీసినారే, అది ఈతకొలనంట.
కొండ కనపడే తట్టు అంకణానికి పదివేలు ఎక్కువంట.
కిందనించి కొండకు దండం పెట్టేదానికి
ఇంతవరకూ టికెట్టు లేదు మాకు.

ఒంక అంటే ఏడాదిలో పది నెలలు ఇసక, మేడమ్.
ఆ పది నెలల్లో వచ్చి చూసినోళ్ళు ఎండునేల అని రాసుకున్నారు.
తక్కిన రెండు నెలలు రాసేదానికి ఎవురూ రాలేదు.
కొండమింద మబ్బు పగిలిన రాత్రి
అది ఎట్ట వస్తాదో నేను చూసినా:
ముందు వాసన, ఆనెక సద్దు,
ఆనెక దుంగలు, చచ్చిన పంది, ఎవురిదో ఇస్కూలు సంచి.
నీళ్ళు అన్నిటికంటే చివర్లో వచ్చినట్టుంటాది.

కింద తిరపతిలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టేవాళ్ళకు
ఈ షామియానాలో కుర్చీ ఎయ్యలా.
వాళ్ళ బోర్లు తాగేది ఈ ఇసకనే.

గట్టుకు ఆ పక్క పారెస్టు.
ఈ పక్క ఒక చైను దూరం ఏమీ కట్టగూడదని ఉత్తర్వు.
ఆ చైను వెడల్పులోనే
బలుసు, ఊడుగ, రెండు చిల్లగింజ చెట్లు,
ఎవురూ నాటని ఎర్రచందనం మొలకలు.
రాత్రి టార్చి ఏస్తే కొమ్మన రెండు అణాబిళ్ళలు మెరుస్తాయి,
దేవాంగపిల్లి.
చేత్తో మొగం కప్పుకుంటాది, అప్పులోణ్ణి చూసినట్టు.

రాయి సంగతికి వస్తా.
పొద్దన మీకు చూపించిన రాయి కొత్తది. సున్నం వాసన పోలా.
నలభై ఒకటో నెంబరు అక్కడ గాదు,
మూడు చైన్లు కిందికి ఉండాల.
పాతిన పొద్దు గుంతలో బొగ్గు పోసినాం,
రాయి పోయినా చోటు పోగూడదని.
కొత్త రాయి కింద తవ్వించండి.
బొగ్గుంటే నేను ఇంక నోరెత్తను.

రాళ్ళు నడుస్తాయి, మేడమ్. పగులు నడవవు.

నీకెట్ట తెలుసని చెంగల్రాయుడు నవ్వతా ఉండాడు.
చెప్తా.
ఎనభై ఆరులో ఒక రాయిని నేనే నడిపించినా.
ఇంకో ఊర్లో, ఇంకో మోతుబరికి,
తొమ్మిది లింకులు.
యాభై రూపాయలు, పైన ఒక చీర ఇచ్చినాడు.
మా ఆడమనిషి ఆ చీర కట్టలా.
ఈనిన మేక కింద పరిచింది, నన్ను చూస్తానే.
ఆమె పోయి ఆరేండ్లు. నాకు ఇప్పుడు నోరొచ్చింది.

ఇల్లొద్దని నేననను.
నేనుండేది రేకుల కింద, బాడిగకు.
మా చెల్లెలి కూతురు హంసవేణి, అదో, మూడో వరసలో,
కమ్మలు అమ్మి ఇరవై అంకణాలకు అడ్వాన్సు కట్టింది.
నేను మైకు పట్టినప్పట్నించీ తలెత్తలా.
పాపా, నీ దుడ్లు ఎనక్కి ఇప్పించే దోవ నాకు తెలీదు.
నీ వంటిల్లు ఏ లింకు మింద పడతాదో మాత్రం తెలుసు.

చిల్లగింజ అరగదీసి కడవలో కలిపితే బురదనీళ్ళు తేరుకుంటాయి.
ఈ ఫైళ్ళు తేరుకోవాలంటే ఎన్ని గింజలు గావాలో.
ఉండేది రెండు చెట్లు.
రెంటికీ నిన్న ఎర్రరంగు గుర్తేసిపోయినారు.

గంట కొట్టినారు. మైకు ఇచ్చేస్తా.
పులిహోర వాసనొస్తా ఉంది, అందరికీ ఆకలే.
తినేసినాక ఒక్క పది అడుగులు నడవండి.
గేటుకాడ వాచ్‌మన్ కాళ్ళు కడుక్కునే బండ ఒకటుంది,
దాన్ని తిరగెయ్యమనండి.
నెంబరు అడుగున ఉంది.